వెనుక చక్రాల వ్యాకరణం

గిడుగు రామమూర్తి పంతులు గారు వాడుక భాష కోసం వాదించిన పర్లాకిమిడిలోనే పుట్టి పెరిగినా, ఆ వాదం చెవికెక్కని విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడొకరు ఉన్నారు. కోపం వచ్చినా ఆయన వాక్యం కర్త, కర్మ, క్రియలు కుదిరాకే ముగుస్తుంది. 1936లో ఊరు ఒడిశాలో కలిసినప్పుడు గిడుగు వారు రాజమండ్రికి తరలిపోవడం మంచిదయిందని, లేకుంటే ఈయన మాట విని మరింత బాధపడేవారని ఇల్లాలు పార్వతమ్మ అంటారు. అయితే ముప్పై ఆరేళ్ల కాపురంలో ఆ జబ్బు ఆవిడకూ అంటుకుంది.

ఆదివారం ఉదయం పెరట్లో పాత కారు వెనుక భాగం రెండు ఇనుప స్టాండుల మీద నిలబడి ఉంది. ముందు చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి ఉన్నాయి. కారు కింద నుంచి మాస్టారి కాళ్లు మాత్రమే కనిపిస్తున్నాయి.

పార్వతమ్మ: ఏమండీ, ఫ్రిజ్‌లో ఐసు పెట్టే అరలో, మనవడి కోసం దాచిన కుల్ఫీల పక్కన, పచ్చడి డబ్బాలో నల్లగా గుండ్రంగా నాలుగు వస్తువులు కనిపించాయి. అవి తినేవో పారేసేవో తెలుసుకుందామని వచ్చాను.

మాస్టారు: వాటిని ముట్టుకోకు పార్వతీ! బరంపురం నుంచి బస్సులో తెప్పించిన బుష్‌లవి. ఒక ఇనుప గొట్టం, దాని లోపల రబ్బరు, ఆ రబ్బరు నడుమ మరొక సన్నని గొట్టం, ఇంతే దాని నిర్మాణం. చలికి పై గొట్టం వెంట్రుకవాసి కుంచించుకుంటుంది కనుక, వైసు అనే బిగింపు పట్టులో పెట్టి నొక్కినప్పుడు, చక్రాన్ని పట్టి ఉంచే ఆర్మ్ అనే ఇనుప కడ్డీ రంధ్రంలోకి మొరాయించకుండా దిగుతుంది.

పార్వతమ్మ: ఈ ఇంట్లో మొరాయించేది బుష్‌లు కావు. ఆరు నెలల క్రితం శ్రీముఖలింగం వెళ్లి వస్తుండగా, వెనుక నుంచి టకటకమని చప్పుడు వస్తోందని నేను చెప్పినప్పుడు మీరేమన్నారు?

మాస్టారు: నీ పులిహోర క్యారియర్ మోగుతోందని అన్నాను. అది అప్పటికి సమంజసమైన ఊహే.

పార్వతమ్మ: క్యారియర్‌ను ఒళ్లో పెట్టుకుని, మూతకు కొంగు చుట్టి కూర్చున్నాను. గోతి వచ్చిన ప్రతిసారీ చప్పుడు వచ్చింది. అప్పుడు నా గాజులన్నారు. గాజులు పర్సులో వేసుకున్నాను. ఆ పై మాట ఇరుగుపొరుగు వినేలా నేను చెప్పను.

మాస్టారు: మోకాళ్లు అన్నాను. దానికి అప్పుడే క్షమాపణ చెప్పాను కదా.

పార్వతమ్మ: చివరికి టైర్ల కొట్టులో పనిచేసే పదహారేళ్ల కుర్రవాడు చెప్పవలసి వచ్చింది. టైరు బయటి అంచు కొత్తదానిలా ఉండి, లోపలి అంచు తీగలు తేలేలా అరిగిపోయింది. బుష్‌లో రబ్బరు చిట్లితే ఆర్మ్ తన చోట నిలవదని, ఆర్మ్ నిలవకపోతే చక్రం వాలిపోయి రోడ్డును ఈడ్చుకుంటూ పోతుందని అతడు ఒడియాలో, తెలుగులో, అర్థం కాలేదేమోనని చేతులతో కూడా చెప్పాడు.

మాస్టారు: పక్కింటి వారి చిన్నకారు అయితే వెనుక అడ్డంగా ఒకే దూలం, దానికి చెరొక బుష్, అంతటితో కథ ముగుస్తుంది. మన బండికి ఒక్కొక్క వెనుక చక్రాన్ని పట్టుకోవడానికి పైనొకటి, కిందనొకటి, వెంబడి మరొకటి చొప్పున ఆర్మ్‌లు ఉన్నాయి. రెండు చక్రాలు దేనికది స్వతంత్రంగా కదులుతాయి. అందుకే ప్రయాణం అంత సుఖం.

పార్వతమ్మ: సుఖం సంగతి నా నడుమును అడగండి. బుష్‌లు ఎక్కించి ఉన్న కొత్త ఆర్మ్‌లే దొరుకుతాయని, వాటిని బిగిస్తే ఒక పూటలో పని అయిపోతుందని మెకానిక్ చెప్పలేదా?

మాస్టారు: ఆర్మ్ వంగలేదు, తుప్పు తినలేదు. రబ్బరు చిట్లిందని ఇనుమును పారేయడం, ఒత్తు తప్పిందని పుస్తకాన్ని చించేయడం వంటిది.

పార్వతమ్మ: ఆ మాట అని మూడు రోజులైంది. బుష్ లోపలి గొట్టానికీ బోల్టుకూ తుప్పు పట్టి రెండూ ఒకటైపోతే, రోజుకు రెండు పూటలా నైవేద్యంలా నూనె పోశారు, చివరికి రంపంతో కోశారు. ఇప్పుడు కొత్త బోల్టు ఖర్చు కూడా కలిపి చూసుకోండి.

(మాస్టారు లెక్క చూసుకోలేదు. ఇటువంటి లెక్కలు మగవారు ఎందుకు చూసుకోరో ఈ వ్యాస రచయితకు అనుభవం మీద తెలుసు. బుష్‌లు వైసు దగ్గరికి చేరాయి.)

మాస్టారు: కొంచెం కొబ్బరినూనె తీసుకురా. నున్నగా జారుతుంది.

పార్వతమ్మ: నూనె తగిలితే రబ్బరు ఉబ్బి చెడుతుంది. గిన్నెలు తోమే సబ్బు నీళ్లు ఈ గిన్నెలో ఉన్నాయి. రబ్బరులో ఖాళీలున్న వైపు పాతదానికి ఎటు ఉందో అటే పెట్టండి, తిప్పి పెట్టకండి.

మాస్టారు: సర్దుబాటు బోల్టు తల మీద ఈ గులాబీ రంగు మరక ఏమిటి?

పార్వతమ్మ: మనవరాలి గోళ్ల రంగు. మీరు దాన్ని విప్పకముందే, అది ఏ గీత దగ్గర ఉందో గుర్తు పెట్టాను. ఎలాగూ తరువాత చక్రాల వాలు సరిచేసే అలైన్‌మెంట్ చేయించాలి, నిజమే. కానీ ఆ యంత్రం ఉన్న చోటి దాకా బండి ఎండ్రకాయలా పక్కకు నడవకూడదు కదా.

(గంట గడిచింది. కుడివైపు ఆర్మ్‌లు తమ చోట్లకు చేరాయి. చక్రం ఇంకా ఎక్కించలేదు. మాస్టారు కారు కిందికి దూరి, పొడవాటి పానాను బోల్టుకు తగిలించి ఊపిరి బిగబట్టారు.)

పార్వతమ్మ: ఆగండి! ఆర్మ్ గాలిలో వేలాడుతుండగా బిగిస్తున్నారా?

మాస్టారు: బోల్టును బిగించడానికి ముహూర్తం కూడా ఉందా?

పార్వతమ్మ: ముహూర్తం లేదు, ఎత్తు ఉంది. బోల్టు బిగిసిందంటే లోపలి గొట్టం కదలదు. ఆ పైన ఆర్మ్ పైకీ కిందికీ ఊగినప్పుడల్లా రబ్బరే మెలిపడాలి. వేలాడుతుండగా బిగిస్తే, బండి నేల మీదికి దిగగానే రబ్బరు పిండిన చీరలా మెలి తిరిగి, రాత్రింబగళ్లు అలాగే ఉండి, కొద్ది కాలానికే మళ్లీ చిట్లుతుంది. అప్పుడు మళ్లీ నా గాజులంటారు.

మాస్టారు: (చాలాసేపటికి) అది నాకు తెలుసు. చక్రం బిగించే హబ్బు కింద జాకీ పెట్టి, బండి నేల మీద నిలిచినప్పుడు ఉండే ఎత్తుకు లేపి బిగించాలి. కానీ ఆ ఎత్తు ఎంత?

పార్వతమ్మ: హబ్బు నడుమ నుంచి పైన రేకు అంచు దాకా, గురువారం నాడు మీరు జాకీ ఎత్తకముందే, నా కుట్టు టేపుతో కొలిచాను. దర్జీ పని ఇక్కడెందుకని మీరు నవ్వారు.

మాస్టారు: నవ్వలేదు, దగ్గాను. కొలత చెప్పు.

పార్వతమ్మ: గుర్తు లేదు. గోడ మీది ఒడియా క్యాలెండరులో, పోయిన నెల కాగితం మీద, ఎర్ర జెల్ పెన్నుతో రాశాను. ఆ కాగితం ఏదండీ?

మాస్టారు: నెల అయిపోయింది కదా అని చింపి, నూనె మరకలు అంటకుండా ఇక్కడ పరచుకుని, దాని మీదనే పడుకున్నాను.

(మాస్టారు బయటికి వచ్చారు. కాగితం చెమటకు నాని, అక్షరాలన్నీ అలుక్కుపోయి ఉంది. పార్వతమ్మ కాగితాన్ని చూడలేదు. ఆయన బనీను వెనుక వైపు చూసి, లోపలికి వెళ్లి అద్దం పట్టుకొచ్చారు.)

పార్వతమ్మ: కదలకండి. అంకెలన్నీ తిరగబడి అచ్చయ్యాయి. మీరు ఊపిరి పీలిస్తే 6 కాస్తా 8 అవుతోంది. ఆఁ, 36 సెంటీమీటర్లు.

మాస్టారు: దాని కింద ఇంకేదో చల్లగా తగులుతోంది. అది 52 కాదా?

పార్వతమ్మ: అది పాల బాకీ. దానిని కలిపి బిగించకండి.