టికెట్టు మీద హంతకుడి పేరు

లండన్ తూర్పు వైపున వైట్‌చాపెల్ అనే పేట ఉంది. పొద్దుగూకితే చాలు, అక్కడి సందుల్లో గైడ్ల వెనక గుంపులు గుంపులుగా జనం నడుస్తుంటారు. వాళ్లు చూడడానికి వచ్చింది కోటనో చర్చినో కాదు. 1888లో ఆగస్టు 31 నుంచి నవంబరు 9 లోపు ఐదుగురు ఆడవాళ్లను గొంతు కోసి చంపిన చోట్లను చూడడానికి డబ్బు కట్టి వస్తారు. చంపినవాడు ఇప్పటికీ ఎవరో తెలియదు. ఒక వార్తా సంస్థకు వచ్చిన ఉత్తరం కింద ఉన్న సంతకాన్ని బట్టి వాడికి జాక్ ది రిప్పర్ అనే పేరు స్థిరపడిపోయింది. తిరుపతి నుంచి, చిత్తూరు నుంచి పై చదువులకు వెళ్లిన మన పిల్లలు కూడా వీకెండ్‌లో ఆ నడకకు వెళ్లి రీల్స్ పెడుతుంటారు. వాళ్లను తిట్టి లాభం లేదు. ఊరు కొత్త, నడక చవక, కథలో టెన్షన్ ఉంది.

కాకపోతే ఆ రీల్ చూసినవాళ్లను ఒక్క మాట అడగండి. చంపినవాడి పేరు టక్కున చెబుతారు. చనిపోయిన ఐదుగురిలో ఒక్కరి పేరైనా చెప్పగలరా? మేరీ ఆన్ నికోల్స్, ఆనీ చాప్‌మన్, ఎలిజబెత్ స్ట్రైడ్, కేథరిన్ ఎడోస్, మేరీ జేన్ కెల్లీ. వీళ్లలో నికోల్స్ ఐదుగురు పిల్లల తల్లి. ఆ రాత్రి మంచం అద్దెకు నాలుగు పెన్నీలు లేక సత్రంలోంచి బయటికి పంపేస్తే, కొత్త టోపీ చూపించి, డబ్బు తెచ్చుకోవడం ఎంతసేపని నవ్వుతూ వెళ్లిందట. ఎడోస్ శవం దగ్గర దొరికిన వస్తువుల జాబితా పోలీసు రికార్డుల్లో ఇప్పటికీ ఉంది. టీ పొడి డబ్బా, చక్కెర డబ్బా, దువ్వెన, ఎర్రటి చేతి తొడుగు ఒక్కటే, గుడ్డ ముక్కలు, ఆవపొడి డబ్బాలో రెండు తాకట్టు చీటీలు. ఇల్లు లేని మనిషి తన ఇంటిని మొత్తం జేబుల్లో మోసుకు తిరిగింది. ఆ జాబితా చదివితే చాలు, 1888 లండన్‌లో పేద ఆడదాని బతుకు ఎలా ఉండేదో అర్థమైపోతుంది. కానీ నడక వ్యాపారానికి ఆ డబ్బాలతో పని లేదు, కత్తి కావాలి. ఐదుగురినీ కలిపి వేశ్యలు అని ఒక్క మాటలో తేల్చేశారు. అందరి విషయంలో దానికి ఆధారాలు లేవని చరిత్రకారులు వాదించినా, గైడ్ల నోట ఆ మాట తేలిగ్గా పోదు. ఆ మాట ఉంటేనే కదా, వినేవాడికి పెద్దగా బాధ కలగకుండా కథ సాగేది.

దీన్ని అక్కడి ఆడవాళ్లు ఊరుకుని చూశారని కాదు. టెన్ బెల్స్ అనే పాత పబ్బుకు 1976లో ఏకంగా హంతకుడి పేరే పెట్టారు. హత్యలకు నూరేళ్లు నిండిన 1988లో మహిళా సంఘాలు గొడవ చేస్తే గానీ పాత పేరు తిరిగి రాలేదు. 2015లో ఇంకో తమాషా. కేబుల్ స్ట్రీట్‌లో ఈస్ట్ ఎండ్ (లండన్ తూర్పు పేటలు) మహిళల చరిత్ర మీద మ్యూజియం పెడతామని అనుమతి తీసుకున్నారు. తీరా ముసుగు తీసేసరికి అది జాక్ ది రిప్పర్ మ్యూజియం! లోపల ఎడోస్ శవం బొమ్మను పడుకోబెట్టి, ఆ హత్య జరిగిన చోటును మళ్లీ కట్టారు. ఆ ఏడాది హాలోవీన్‌కు హంతకుడితో సెల్ఫీ దిగండి అని పిలిచారు. శవాల మీద పేలాలు ఏరుకోవడం అంటే ఇదేనేమో. వీధిలో నిరసనలు జరిగాయి. ఆ కోపంలోంచే ఈస్ట్ ఎండ్ విమెన్స్ మ్యూజియం అనే ప్రయత్నం పుట్టింది.

ఈ వ్యాపారాన్ని సమర్థించేవాళ్ల వాదన కొట్టిపారేసేదేమీ కాదు. నూట ముప్పై ఏళ్లు దాటాయి, ఏడ్చేవాళ్లు ఎవరూ మిగల్లేదు, ఆ పేటలో నాలుగు హోటళ్లు నడుస్తున్నాయి, పేదరికం గురించి కూడా చెబుతున్నాం కదా అంటారు. పానిపట్టు చూడ్డానికి వెళ్లేవాళ్లు, జలియన్‌వాలాబాగ్‌లో గోడల మీద తూటాల గుర్తులు తడిమి చూసేవాళ్లు కూడా చావు చూడ్డానికే వెళ్తున్నారు కదా అని కూడా అడుగుతారు. నిజమే. కానీ జలియన్‌వాలాబాగ్‌లో డయ్యర్ తొడుక్కున్న టోపీలు అమ్మరు. డయ్యర్ తెలివితేటలు ఎంత గొప్పవో ఊహించమని పందెం పెట్టరు. చావు ఉన్న చోటికి వెళ్లడంలో తప్పేమీ లేదు. వెళ్లినవాడిని ఎవరి పక్కన నిలబెడుతున్నారన్నదే నా గొడవ. వైట్‌చాపెల్ నడక మనల్ని హంతకుడి భుజం పక్కన నిలబెడుతుంది. వాడు ఏ సందులోంచి వచ్చాడు, ఎటు తప్పించుకున్నాడు, ఎంత చాకచక్యంగా చేశాడు అని మనం వాడి అడుగుల్లో అడుగు వేస్తాం. ఆడవాళ్లు ఆ కథలో ఆధారాలుగా మిగిలిపోతారు.

అది దొరల గొడవ, మనకెందుకు అనుకోవడానికి వీల్లేదు. 1987 సెప్టెంబరు 4న రాజస్థాన్‌లోని దేవరాలా అనే ఊళ్లో పద్దెనిమిదేళ్ల రూప్ కన్వర్ భర్త చితి మీద కాలిపోయింది. పదమూడో రోజు సతిని కీర్తిస్తూ చేసే చునరీ ఉత్సవం చేయొద్దని హైకోర్టు చెప్పినా లక్షల మంది వచ్చారు. కొబ్బరికాయలు, అగరొత్తులు, తినుబండారాల అంగళ్లు వెలిశాయి. చితి మీద భర్త తల ఒళ్లో పెట్టుకుని ఆ పిల్ల చిరునవ్వు నవ్వుతున్నట్టు అతికించి తయారుచేసిన ఫొటోలు అమ్మారు. ఒక నిండు ప్రాణం పోయిన పక్షం లోపు ఆ ఊరు యాత్రాస్థలమైంది. ఆ తర్వాతే అదే ఏడాది పార్లమెంటు సతి నిరోధక చట్టం చేసింది. అందులో నాకు ముఖ్యంగా కనిపించేది ఐదో సెక్షన్. సతిని పొగిడి ఊరేగించడం, దాని పేరుతో గుడి కట్టడం, ట్రస్టు పెట్టి చందాలు పోగెయ్యడం నేరం. ఏడాది నుంచి ఏడేళ్ల దాకా జైలు. జరిగింది చెప్పుకోవడం నేరం కాదు, దాన్ని జాతర చెయ్యడమే నేరమని మన చట్టం అప్పుడే గీత గీసింది. లండన్ మేధావులు ఇంకా చర్చించుకుంటున్న గీత అది. గీత గీసినంత మాత్రాన సరిపోలేదనుకోండి. దేవరాలాలో సతిని కీర్తించారన్న కేసులో చివరికి మిగిలిన ఎనిమిది మందిని కూడా 2024 అక్టోబరులో జైపూర్ కోర్టు విడిచిపెట్టింది.

ఇక మన ఊరికి వద్దాం. ఆడవాళ్ల మీద జరిగిన ఘోరాన్ని ఊరంతా కలిసి ఏటేటా నడివీధిలో ఆడి చూపించే పండగ ప్రపంచంలో ఎక్కడైనా ఉందా అంటే, తిరుపతి వాళ్లం చెయ్యెత్తొచ్చు. తాతయ్యగుంట గంగమ్మ జాతర. కథ మనందరికీ తెలిసిందే. పాలెగాడొకడు ఊళ్లో ఏ పిల్లకు పెళ్లయినా ముందు తన దగ్గరికే రావాలన్నాడు, కనబడిన ఆడదాన్నల్లా చెరబట్టాడు. అవిలాలలో పెరిగిన గంగమ్మ మీద కన్ను పడింది. ఆమె విశ్వరూపం చూసి వాడు పారిపోయి దాక్కున్నాడు. వాడిని బయటికి రప్పించడానికి ఆమె రోజుకో వేషం కట్టింది. అందుకే జాతరలో ఒకరోజు ఒళ్లంతా తెల్లసుద్ద పూసుకుని బైరాగి, ఒకరోజు ఎర్రటి కుంకుమతో బండ, ఇంకో రోజు బొగ్గుపొడి పూసుకుని వేపమండలతో తోటి. ఆ తర్వాత దొర. దొర వేషం చూసి, వచ్చింది తనలాంటి దొరే కదా అని పాలెగాడు బయటికొస్తాడు, తల పోగొట్టుకుంటాడు.

ఆ పాలెగాడికి పేరు లేదు! అడిగి చూడండి. కైకాల వాళ్ల ఇళ్లల్లో తరతరాలుగా వేషం కడుతున్నవాళ్లను అడిగినా, సారె మోసుకొచ్చే ముసలమ్మను అడిగినా పాలెగాడు అంటారు, అంతే. వాడి కోట ఏది, వాడి వంశమేది, వాడు ఎంత బలవంతుడు అన్నవి ఎవరికీ పట్టవు. పేరున్నది గంగమ్మకు. వాడి వంతు బూతులు. మూడు పూటలా సంధ్యవార్చే ఇంటి పిల్లవాడు కూడా ఆ వారం నోరు తెరిచి తిట్టొచ్చు. మగవాళ్లు చీర కట్టి, జడ వేసి, మల్లెపూలు పెట్టుకుని ఆమె పక్కన నడుస్తారు. వైట్‌చాపెల్‌లో మగవాడి అడుగుల్లో నడిపిస్తారు, ఇక్కడ మగవాడికే చీర కట్టి ఆమె అడుగుల్లో నడిపిస్తున్నారు. తేడా అంతా అక్కడుంది.

ఇంకొక ముచ్చట కూడా ఉంది, దాన్ని చాలామంది పట్టించుకోరు. పాలెగాడు చచ్చాక గంగమ్మ మాతంగి వేషంలో వెళ్లి వాడి పెళ్లాన్ని ఓదారుస్తుంది. ఆ దుర్మార్గుడి ఇంట్లో కూడా ఒక ఆడది ఉంది, ఆమె బతుకు ఏమవుతుంది అన్న ఆలోచన ఈ కథ చెప్పుకున్న పామర జనానికి వచ్చింది. వైట్‌చాపెల్‌లో టికెట్లు అమ్మేవాళ్లకు నికోల్స్ ఐదుగురు పిల్లలు ఏమయ్యారన్న ఆలోచన రాలేదు.

జాతరను నెత్తిన పెట్టుకుంటున్నానని అనుకోవద్దు. ఇప్పుడు ఫ్లెక్సీల మీద అమ్మవారి కంటే నాయకుల ముఖాలే పెద్దవి. జాతర సందట్లో ఆడపిల్లలను తోసేవాళ్లూ ఉన్నారు, పాలెగాడిని తిడుతూనే. పైగా భక్తి ఉంటే చాలు, ఘోరం కడుక్కుపోతుందన్న వాదన నేను ఒప్పుకోను. పలమనేరు, పుంగనూరు వైపు పొలాల్లో వీరగల్లులు, అంటే పోరులో పోయినవాళ్లకు నిలిపిన రాళ్లు, చాలా కనిపిస్తాయి. మన సీమలో వాటి పక్కనే అక్కడక్కడ మోచేయి దగ్గర వంచి పైకెత్తిన చెయ్యి చెక్కిన సతి రాళ్లుంటాయి. చేతికి గాజులు కూడా చెక్కారు, ముత్తయిదువగానే పోయిందని చెప్పడానికి. ఆ చెయ్యి తనంతట తానే పైకి లేచిందా, ఎవరైనా పట్టుకుంటే లేచిందా అన్నది రాయి చెప్పదు. తెలుగు నేల నిండా పేరంటాళ్ల గుడులున్నాయి. చాలా చోట్ల కథ తవ్వితే బావిలో పడ్డ కోడలో, అన్నదమ్ములు అనుమానించిన చెల్లెలో కనబడుతుంది. చీర పెట్టి, పసుపు కుంకుమ చల్లి, పొంగలి పెట్టాక ఆమెను చంపిందెవరు అని అడిగేవాడు ఊళ్లో మిగలడు. చంపినవాళ్ల మనవలే ధర్మకర్తలు అయిన గుళ్లు కూడా ఉండకపోవు. వైట్‌చాపెల్ హంతకుడిని హీరోను చేసింది. మనం హంతకుడిని మాయం చేశాం. రెండోది భక్తిగా కనబడుతుంది కాబట్టి దాన్ని పట్టుకోవడం ఇంకా కష్టం.

అమెరికాలోని సేలంలో రెండూ పక్కపక్కనే ఉన్నాయి. 1692లో మంత్రగత్తెలన్న నెపంతో అక్కడ 19 మందిని ఉరి తీశారు, వాళ్లలో 14 మంది ఆడవాళ్లు. ఇప్పుడు ఆ ఊరి పోలీసుల చొక్కా మీదే చీపురెక్కిన మంత్రగత్తె బొమ్మ ఉంటుంది, అక్టోబరు వస్తే ఊరంతా తిరనాళ్లు. అదే ఊళ్లో 1992లో కట్టిన స్మారకంలో ఒక్కొక్కరి పేరు, చనిపోయిన తేదీ చెక్కిన రాతి బల్లలున్నాయి. చేతబడి చేసిందని ఆడదాన్ని కొట్టి చంపిన వార్తలు ఇప్పటికీ చదువుతున్న మనకు ఆ చీపురు బొమ్మ చూసి నవ్వు రాదు.

ఇదంతా ఇప్పుడెందుకంటే, తిరుపతి చుట్టుపక్కల చరిత్రను అమ్మే కాలం వచ్చింది. కొండకు వచ్చే యాత్రికుడిని ఇంకొక రోజు ఉంచాలంటే ఏదో ఒకటి చూపించాలి. చంద్రగిరి కోట దగ్గరే ఉంది, అక్కడ సౌండ్ అండ్ లైట్ షో కూడా నడిపారు. యూట్యూబ్‌లో పాడుబడ్డ ప్రతి మహల్‌కూ ఒక రాణి ఆత్మను అంటగట్టి, ఎర్రక్షరాల థంబ్‌నెయిల్ పెట్టేవాళ్లు తయారయ్యారు. అర్ధరాత్రి టార్చ్‌లైటు పట్టుకుని ‘గజ్జెల చప్పుడు వినిపించిందా ఫ్రెండ్స్’ అనే వీడియోకు వచ్చే వ్యూస్‌లో పదో వంతు కూడా శాసనం చదివి చెప్పే వీడియోకు రావు. అసలు చరిత్రలో జరిగినవాటిని వదిలేసి లేని ఆత్మను పుట్టించడం ఎందుకో నాకు అర్థం కాదు. చంద్రగిరి నుంచి ఏలిన విజయనగర రాజుల కొలువులోనే జరిగిన ఘోరం ఒకటుంది. 1614లో వెంకటపతి రాయలు పోయాక శ్రీరంగరాయలు గద్దెనెక్కాడు. సామంతుడు గొబ్బూరి జగ్గరాయుడు ఎదురుతిరిగి ఆయన్ని, రాణిని, పిల్లలను చెరలో పెట్టాడు, చివరికి అందరి ప్రాణాలూ తీయించాడు. ఒక్క పిల్లవాడు మిగిలాడు. మాసిన బట్టల మూటలో దాచి ఒక చాకలి బయటికి తీసుకొచ్చాడు. ఇంకో సామంతుడు యాచమనాయకుడు ఆ పిల్లవాడి పక్షాన నిలబడి తోపూరు దగ్గర యుద్ధం చేశాడు, అందులో జగ్గరాయుడు చచ్చాడు. ఆ పిల్లవాడే రామదేవరాయలు.

రేపెవరో దీన్ని షోగా మార్చరని నమ్మకం లేదు. మారిస్తే తప్పని కూడా అనను. జనానికి తెలియాల్సిన కథ. కానీ స్క్రిప్టు ఎలా ఉంటుందో కళ్లకు కట్టినట్టు కనబడుతోంది. జగ్గరాయుడికి బొంగురు గొంతు, ఉరుము, ఎర్ర లైటు, మీసం మెలేసే నాలుగు డైలాగులు. రాణికి ఒక్క కేక, ఆ తర్వాత చీకటి. ఆ రాణి పేరు ఏ గైడు నోటా నేను వినలేదు. కథ రసవత్తరంగా లేకపోతే టికెట్టు తెగదు అంటారు షో రాసేవాళ్లు. పేరు లేని పాలెగాడితో లక్షల మందిని వీధుల్లోకి రప్పించే ఊరి పక్కన కూర్చుని ఆ మాట అనకూడదు. చెరసాల గుమ్మం దగ్గర కాపలావాడు చూస్తుండగా మూట నెత్తినెత్తుకుని నడిచిన ఆ చాకలి గుండె ఎంత కొట్టుకుందో, లోపల పిల్లవాడు కిక్కురుమనకుండా ఉండడానికి ఆ తల్లి ముందు ఏం చెప్పి పంపిందో, అక్కడి నుంచి చెప్పడం మొదలుపెట్టండి. జగ్గరాయుడికి రెండు వాక్యాలు చాలు.