పార్సిల్ డెలివరీ పని చేయొచ్చు, కానీ దానికోసం బండి మాత్రం కొనొద్దు

మా పిన్ని కొడుకు బీకామ్ అయ్యి ఏడాది దాటింది, హైదరాబాద్ బోడుప్పల్‌లో ఉంటాడు. పోయిన నెల ఫోన్ చేసి "అన్నా, పార్సిల్ హబ్‌ల రమ్మంటున్నరు, ప్యాకెట్‌కి 14 రూపాయలంట, రోజుకి 70 ఈజీగా అయితయంటున్నరు, షోరూంల బండి చూసిన, 15 వేలు డౌన్ పేమెంట్ కడితే ఇస్తరంట, ఏమంటవ్" అన్నాడు. 70 ఇంటూ 14 అంటే 980, నెలకి 26 రోజులు వేసుకుంటే 25 వేల పైనే, అప్పుడే డిగ్రీ అయిన పిల్లలకి చాలా ఆఫీసుల్లో అంత ఇవ్వట్లేదు, కాబట్టి వాడు ఆశపడటంలో తప్పేం లేదు. కానీ ఆ 25 వేలు జీతం కాదు, షాపు గల్లాలో పడే డబ్బు లాంటిది, ముందు బండి తినేది తీసేయాలి, అప్పుడు మిగిలిందే వాడిది.

ఆదివారం ఇంటికి వస్తే కూర్చోబెట్టి లెక్క వేశాం. రోజుకి 60 కిలోమీటర్లు, సంచి బరువుతో, అడుగడుగునా ఆపి మళ్లీ స్టార్ట్ చేసే బండి లీటరుకి 40 ఇస్తే గొప్ప, అంటే రోజుకి లీటరున్నర, లీటరు 107 వేసుకున్నా నెలకి దగ్గర దగ్గర 4,200 పెట్రోల్‌కే పోతుంది. ఇంజిన్ ఆయిల్, బ్రేక్ షూలు, చైన్ స్ప్రాకెట్, టైర్లు అన్నీ కలిపి నెలకి 1,200 పక్కన పెట్టాలి. బయట టిఫిన్, టీ రోజుకి 60 అనుకుంటే ఇంకో 1,560, ఫోన్ రీఛార్జ్ 300, డబ్బులిచ్చే ముందే కంపెనీ కోసుకునే ట్యాక్స్, అదే టీడీఎస్, 1 శాతం 255 (ఈ ఆదాయానికి ట్యాక్స్ పడదు కాబట్టి రిటర్న్ ఫైల్ చేస్తే టీడీఎస్ వెనక్కొస్తుంది, ఎవరూ వదులుకోవద్దు). ఎవరూ లెక్కలోకి తీసుకోనిది బండి అరుగుదల, ఏడాదికి 18 వేల కిలోమీటర్లకి పైగా తిరిగిన బండి నాలుగేళ్లకి ఏ రేటుకి అమ్ముడుపోతుందో చూస్తే నెలకి 1,250 దాకా అదే తినేస్తోంది. అన్నీ తీసేస్తే 16,700 దగ్గర ఆగింది. రోజుకి పది గంటల చొప్పున 260 గంటలు, అంటే గంటకి 64 రూపాయలు. కొత్త బండి తీసుకుని నెలకి 3,400 ఈఎంఐ కడితే అరుగుదల వేరే వేయకపోయినా చేతికొచ్చేది 14,600, అదీ ఒక్క రోజు కూడా జ్వరం రాకుండా ఉంటే.

అయితే ఈ లెక్క అందరికీ ఒకటే కాదు, నా ఉద్దేశంలో అసలు కీలకం రూట్. ఒకే గేటెడ్ కమ్యూనిటీలో 40 ప్యాకెట్లు ఉన్నోడికి, ఘట్‌కేసర్ అవతల వెంచర్లలో ప్లాట్ నంబర్లు వెతుక్కుంటూ అవే 40 ఇచ్చేటోడికి ప్యాకెట్ రేటు ఒకటే, కానీ ఒకడు మధ్యాహ్నం రెండింటికి ఇంట్లో ఉంటాడు, ఇంకొకడు చీకటి పడ్డాక కూడా ఫోన్లు చేస్తూనే ఉంటాడు. అందుకే జాయిన్ అయ్యే ముందు ఒక రోజు ఎవరైనా పాత కుర్రాడి బండి వెనకాల కూర్చుని తిరిగి రమ్మన్నాను, వెళ్లొచ్చాడు. పొద్దున ఆరున్నరకే హబ్‌లో నేల మీద ప్యాకెట్లన్నీ పరుచుకుని, స్కాన్ చేసి, ఒక్కోదాని మీద మార్కర్‌తో 1, 2, 3 అని తిరిగే వరసలో నంబర్లు వేసుకుని, చివరి నంబర్లు సంచిలో అడుగున, మొదటివి పైన సర్దుకున్నాడంట ఆ కుర్రాడు, దానికే గంటంపావు పట్టింది, ఆ గంటంపావుకి ఒక్క రూపాయి రాదు. ఫోన్ ఎత్తని కస్టమర్లు, ఓటీపీ చెప్పనోళ్లు, "సాయంత్రం రా" అనేవాళ్లు కలిపి ఆ రోజు 11 ప్యాకెట్లు వెనక్కి తెచ్చారు, తిరిగిన పెట్రోల్ తిరిగినట్టే, డబ్బులు మాత్రం డెలివరీ అయినవాటికే. సాయంత్రం క్యాష్ లెక్కలో 200 తక్కువొస్తే అదీ జేబులోంచే కట్టాడు.

ఇంతకంటే నన్ను భయపెట్టేది ఇన్సూరెన్స్. మామూలు టూవీలర్ పాలసీ కాగితం తీసి చూడండి, బండి దేనికి వాడకూడదో అందులో రాసి ఉంటుంది, కిరాయికి తిప్పినా, శాంపిళ్లు, సొంత లగేజీ తప్ప వేరే సరుకు మోసినా పాలసీ వర్తించదని. అంటే సంచి నిండా పార్సిళ్లతో ఉన్నప్పుడు యాక్సిడెంట్ అయితే క్లెయిమ్ ఒప్పుకోకపోవడానికి కంపెనీకి కారణం రెడీగా ఉన్నట్టే. హబ్ వాళ్లు "మేం ఇన్సూరెన్స్ ఇస్తాం" అంటే పాలసీ నంబర్, ఎంత మొత్తం, మొదటి రోజు నుంచే ఉందా లేదా, కాగితం మీద అడగాలి, నోటి మాట నమ్మొద్దు. ఏడాదికి 20 రూపాయల ప్రధానమంత్రి సురక్షా బీమా బ్యాంకులో ఆటో డెబిట్ పెట్టించుకోవాలి, ప్రమాదంలో చనిపోతే 2 లక్షలు వస్తాయి, చిన్న మొత్తమే కానీ ఆ 20 రూపాయలు కట్టకుండా రోడ్డెక్కడం మాత్రం తప్పు.

ప్రభుత్వాలు ఏం చేయట్లేదని అనను. తెలంగాణ ప్రభుత్వం 2023 డిసెంబర్‌లో గిగ్ వర్కర్లకి, అంటే జీతం కాకుండా పనికింత అని తీసుకునే ఇలాంటి డెలివరీ కుర్రాళ్లకి, 5 లక్షల ప్రమాద బీమా ప్రకటించింది, కేంద్రం సోషల్ సెక్యూరిటీ కోడ్ 2020లో చేసినా అమల్లోకి తెచ్చింది 2025 నవంబర్ 21న, అందులో ఇలాంటి పని ఇచ్చే యాప్ కంపెనీలు టర్నోవర్‌లో 1 నుంచి 2 శాతం వర్కర్ల నిధికి కట్టాలని ఉంది. అసంఘటిత కార్మికుల కోసం కేంద్రం పెట్టిన ఈ-శ్రమ్ పోర్టల్‌లో పేరు నమోదు చేసుకోవడం అందుకే ముఖ్యం. కానీ నీతి ఆయోగ్ 2022 రిపోర్ట్ ప్రకారం 2020-21లోనే దేశంలో 77 లక్షల మంది గిగ్ వర్కర్లు ఉన్నారు, ఇంతమందికి ఐదేళ్లు కాగితం మీదే ఉన్న చట్టాన్ని నమ్ముకుని ఈ రోజు ఒక ఉద్యోగం ఎంచుకోమని నేను ఎవరికీ చెప్పలేను.

పోల్చాలంటే దేంతో పోల్చాలి? మావాడికి గోడౌన్‌లో ప్యాకింగ్ పని 15,500కి వచ్చింది, పీఎఫ్, ఈఎస్ఐ ఉన్నాయి, చేతికి 14 వేల లోపే వస్తుందని వద్దన్నాడు. కానీ ఈఎస్ఐ అంటే వాడితో పాటు వాడి మీద ఆధారపడ్డ అమ్మానాన్నలకి కూడా వైద్యం, 21 వేల లోపు జీతానికే అది వర్తిస్తుంది, వాడి చేతినుంచి పోయేది 0.75 శాతం మాత్రమే, పిన్నికి షుగర్ ఉంది కాబట్టి ఆ ఇంట్లో దాని విలువ నెలకి కనీసం రెండు వేలు. పీఎఫ్‌లో యజమాని వేసే వాటా కూడా కలిపితే రెండు పనుల మధ్య తేడా దాదాపు కరిగిపోతుంది.

మరి డెలివరీ ఎవరు చేయొచ్చు అంటే, ఇంట్లో ఆల్రెడీ బండి ఉండి, సొంత ఏరియాలో సందు సందు తెలిసి, చదువుకో కోచింగ్‌కో డబ్బు కావాల్సిన కుర్రాడు ఏడాదో ఏడాదిన్నరో చేస్తే బాగానే ఉంటుంది, వారం వారం డబ్బు పడుతుంది, అడ్రస్ వెతకడం, మనుషులతో మాట్లాడటం వస్తాయి. దసరా దీపావళి సేల్ టైంలో ఇచ్చే ఇన్సెంటివ్ చూసి మాత్రం నిర్ణయం తీసుకోవద్దు, ఆ హడావిడి అయ్యాక ప్యాకెట్లు తగ్గితే ఎంత వస్తుందో హబ్‌లో పాతవాళ్ల పేఅవుట్ అడిగి చూసుకోవాలి. నడుం నొప్పి గురించి కూడా వాళ్లనే అడగాలి, నాలుగేళ్లు చేసినోళ్లు నిజం చెప్తారు.

మావాడు జాయిన్ అయ్యాడు, వాళ్ల నాన్న పాత స్ప్లెండర్ మీద, బోడుప్పల్ రూట్ ఇస్తేనే అని ముందే చెప్పి. డౌన్ పేమెంట్ కోసం దాచిన 15 వేలు పిన్ని దగ్గరే ఉన్నాయి, టాలీ కోర్సు సాయంత్రం బ్యాచ్‌కి కడతానంటున్నాడు.