ఊరవతల ఆకాశం

మానవజాతి అంతరిక్షంలోకి ఏం మోసుకుపోయిందని ఎవరైనా అడిగితే విజ్ఞానం, సాహసం, శాంతి సందేశం అని జవాబు చెప్పడం మర్యాద. ఆ మర్యాదను నేనూ పాటించేవాణ్ణే గాని, గత అరవై ఏళ్ళకు పైబడిన చరిత్ర తిరగేశాక ఒక్క మాట చెప్పక తప్పడం లేదు: మనం అక్కడికి ఎన్నడూ మరవకుండా చేరవేసినది మన చెత్త పారబోసే అలవాటు. కొందరు శాస్త్రవేత్తలు దీన్ని విమర్శగా చెబుతున్నారు. నాకు మాత్రం ఘనకార్యంగానే కనిపిస్తోంది. ఇల్లు ఊడ్చి, ఊడ్చినదంతా ప్రహరీ గోడ మీదుగా పక్క ఖాళీ స్థలంలోకి విసిరి, చేతులు దులుపుకొనే విద్యను నేల మీద వేల ఏళ్ళు సాధన చేసిన జాతి, గంటకు 28,000 కిలోమీటర్ల వేగంతో తిరుగుతూ కూడా చేయి తడబడకుండా అదే పని చేయగలగడం సామాన్యమైన సంగతి కాదు.

1969 జూలైలో చంద్రుడి మీద దిగిన నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ అక్కడి నేల మీద నిలబడి తీసిన మొట్టమొదటి ఫొటో చాలామంది చూసి ఉండరు. పాఠ్యపుస్తకాల్లో వేసేది వేరే ఫొటో. ఆయన తీసిన ఆ తొలి చిత్రంలో నౌక కాళ్ళ దగ్గర ఒక తెల్లటి సంచి పడి ఉంటుంది. అది లోపలి వ్యర్థాలను కుక్కి బయటికి తోసేసిన చెత్త సంచి. కోట్ల సంవత్సరాలుగా ఎవరూ తొక్కని నేల మీద గృహప్రవేశం ఇంత శాస్త్రోక్తంగా జరిగిందన్న మాట. ఆ తరువాత వెళ్ళినవారూ సంప్రదాయం తప్పలేదు. మలమూత్రాల సంచులు మొదలుకొని ఆలన్ షెపర్డ్ 1971లో కొట్టిన రెండు గోల్ఫ్ బంతుల దాకా అన్నీ అక్కడే ఉన్నాయి. తిరుగు ప్రయాణంలో చంద్రశిలల బరువుకు చోటు కావాలి కదా!

భూమి చుట్టూ ఉన్న కక్ష్యల సంగతి ఇంకా ఘనమైనది. అమెరికా 1958లో పంపిన వాన్‌గార్డ్-1 అనే ఒకటిన్నర కిలోల ఉపగ్రహం 1964లో మూగబోయింది. అయినా ఇప్పటికీ తిరుగుతూనే ఉంది. సముద్రం అడుగున వేసిన తీగలను సోవియట్లు తెంపేస్తే కబుర్లు ఆగిపోతాయని భయపడి, రేడియో తరంగాలను తిప్పికొట్టడానికి అమెరికా సైన్యం 1963లో సుమారు 48 కోట్ల రాగి సూదులను ఆకాశంలో చల్లింది. ప్రయోగం సఫలమైంది. అయితే అప్పటికే సమాచార ఉపగ్రహాలు వచ్చేసినందువల్ల సూదులతో అవసరం తీరిపోయింది. చాలావరకు రాలిపోయినా, కొన్ని ముద్దలుగా అంటుకుపోయి నేటికీ తిరుగుతున్నాయి. వ్యక్తిగత స్థాయిలోనూ కృషి సాగింది. 1965లో ఒక వ్యోమగామి చేతి తొడుగు జారిపోయింది. 2008లో ఒకసారి, 2023లో మరొకసారి పనిముట్ల సంచులే జారిపోయాయి. ఈ రెండో సంచి నేల మీది నుంచి బైనాక్యులర్‌తో చూసినా కనిపించింది. ఇక 2018లో ఒక వ్యాపారవేత్త తన సొంత కారునే సూర్యుడి చుట్టూ తిరగడానికి పంపించాడు. 2025 జనవరిలో దాన్ని కొత్త గ్రహశకలంగా భావించి అంతర్జాతీయ జాబితాలో ఎక్కించారు, మర్నాటికల్లా అది ఆ కారేనని తెలిసి తొలగించారు. మన చెత్త సృష్టిలో సహజమైన భాగంగా నమోదయ్యే స్థాయికి ఎదిగిందనడానికి ఇంతకంటే పెద్ద సర్టిఫికెట్ ఏం కావాలి?

చెత్త వేయడం ఒక ఎత్తు, దాన్ని చెదరగొట్టడం మరో ఎత్తు. ఈ రెండో విద్యలో అగ్రరాజ్యాల ప్రతిభ నిస్సందేహమైనది. 1985లో అమెరికా తన ఉపగ్రహాన్ని తానే క్షిపణితో పేల్చింది. 2007లో చైనా ఒక పాత వాతావరణ ఉపగ్రహాన్ని పేల్చి, లెక్కకు అందినవే మూడు వేలకు పైగా ముక్కలు చేసింది. 2019 మార్చి 27న మనం కూడా ఆ పంక్తిలో కూర్చున్నాం. తక్కువ ఎత్తులో పేల్చాం గనుక ముక్కలు త్వరగానే రాలిపోతాయని పెద్దలు సెలవిచ్చారు. చాలావరకు రాలాయి, తొందర లేనివి మాత్రం మరికొంత కాలం ఉండి వెళ్ళాయి. 2021లో రష్యా వంతు వచ్చినప్పుడు, అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో ఉన్నవారు ప్రాణాలు అరచేత పెట్టుకొని తమ తిరుగు నౌకల్లో దూరి కూర్చోవలసి వచ్చింది. అలా దూరినవారిలో రష్యావారూ ఉన్నారు. తిలా పాపం తలా పిడికెడు అన్న సూత్రాన్ని అంతర్జాతీయ సహకారంగా మలిచిన ఘనత ఈ నాలుగు దేశాలది.

ఈ విషయంలో తెలుగువారికి ప్రత్యేకమైన అనుభవం ఉంది. 1979 జూలైలో అమెరికావారి అంతరిక్ష ప్రయోగశాల స్కైలాబ్ నెత్తిన పడుతుందన్న వార్త మన పల్లెలకు చేరినప్పుడు, ఎలాగూ పోయేవాళ్ళమే కదా అని కోళ్ళనూ మేకలనూ కోసుకొని తిన్న వైనం పెద్దవాళ్ళు నేటికీ చెబుతారు. ఆ రోజుల్లో పుట్టిన పిల్లల్లో కొందరికి స్కైలాబ్ అనే పేరే స్థిరపడింది. ఆ 77 టన్నుల ప్రయోగశాల జూలై 11న కూలి, దాని ముక్కలు మనల్ని కనికరించి పశ్చిమ ఆస్ట్రేలియాలో పడ్డాయి. అక్కడి ఎస్పెరాన్స్ పట్టణ పాలకులు బహిరంగ ప్రదేశంలో చెత్త వేసిన నేరానికి నాసాకు 400 డాలర్ల జరిమానా రాశారు. నాసా కట్టలేదు. ముప్ఫై ఏళ్ళ తరువాత ఒక రేడియో వ్యాఖ్యాత శ్రోతల దగ్గర చందాలు పోగుచేసి కట్టాడు. చెత్త వేసినవాడు హాయిగా ఉండగా చూసినవాడు డబ్బు కట్టే ఈ పద్ధతి మనకు బాగా అలవాటైనదే. 2023లో అదే పశ్చిమ ఆస్ట్రేలియా తీరానికి ఒక పెద్ద లోహపు డబ్బా కొట్టుకొచ్చింది. అది మన పీఎస్‌ఎల్‌వీ రాకెట్ మూడో దశ అయ్యే అవకాశమే ఎక్కువని అక్కడి అంతరిక్ష సంస్థ తేల్చింది. శ్రీహరికోట ప్రసాదం అంత దూరం వెళ్ళినందుకు సంతోషించాలో, ఆ తీరవాసుల సహనానికి నమస్కరించాలో నాకు తోచలేదు.

ఇక శుభ్రం చేసే మార్గాల గురించి. ప్రపంచమంతా ఆమోదించిన ఉత్తమ విధానం ఏమిటంటే, పని అయిపోయిన ఉపగ్రహాన్ని కిందికి దించి వాతావరణంలో తగలబెట్టడం. తెల్లవారుజామున వీధి చివర ఆకులూ ప్లాస్టిక్ సంచులూ కలిపి అగ్గిపెట్టే మన పారిశుద్ధ్య పద్ధతికి ఇంత ఉన్నతమైన గుర్తింపు వస్తుందని ఎవరూ ఊహించి ఉండరు. అలా మండినప్పుడు మిగిలే అల్యూమినియం ధూళి ఓజోన్ పొరకు చేటు చేస్తుందేమోనని ఇప్పుడిప్పుడే అనుమానాలు వస్తున్నాయి. అందుకు విరుగుడుగా జపాన్‌వారు 2024లో కట్టెతో చేసిన ఉపగ్రహాన్ని పంపారు. కాల్చక తప్పనప్పుడు కట్టెనే కాల్చడం మేలన్నది నిర్వివాదం. అన్నీ పూర్తిగా కాలిపోతాయన్న హామీ కూడా ఎప్పుడూ నిలవదు. 2021లో అంతరిక్ష కేంద్రం నుంచి వదిలేసిన పాత బ్యాటరీల మోపు గాలిలోనే బూడిదవుతుందని చెప్పగా, 2024 మార్చిలో అందులోని ఒక ముక్క ఫ్లోరిడాలో ఒక ఇంటి కప్పును చీల్చుకొని లోపలికి వచ్చింది. చెత్త మీద పన్ను వేసిన అనుభవమూ, జనం మొహం చూసి దాన్ని ఎత్తేసిన అనుభవమూ రెండూ ఉన్న ఆంధ్రప్రదేశ్‌ను ఈ సమస్యపై ఎవరూ సలహా అడగకపోవడం విచారకరం.

తీసేయడానికి అసలు అడ్డంకి చట్టం. 1967 నాటి ఒప్పందం ప్రకారం అంతరిక్షం మానవాళి అందరిదీ. ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందని మన పెద్దలు అన్నది ఇలాంటి ఒప్పందాలను ముందే చూసి కాబోలు. స్థలం అందరిదే గాని, అందులో పడి ఉన్న ప్రతి ముక్కా దాన్ని పంపిన దేశానిదే. చచ్చినా, విరిగినా, వెయ్యి చెక్కలైనా ఆ హక్కు పోదు. కాబట్టి పొరుగుదేశపు పగిలిన ముక్కను అనుమతి లేకుండా ఎత్తిపోయడం పరుల సొత్తును ముట్టుకోవడమే అవుతుంది. చెత్తకు ఇంతటి ఆస్తి హక్కు కల్పించిన న్యాయవ్యవస్థ భూమి మీద ఎక్కడా లేదు.

ఇన్ని అడ్డంకుల మధ్యా జపాన్‌కు చెందిన ఒక సంస్థ ధైర్యం చేసింది. 2009లో తమ దేశమే పంపిన రాకెట్ పైభాగం ఒకటి, పదకొండు మీటర్ల పొడవు, మూడు టన్నుల బరువు, కక్ష్యలో పడి తిరుగుతుంటే, దాని దగ్గరికి 2024లో ఒక చిన్న ఉపగ్రహాన్ని పంపింది. అది నెలల తరబడి ఎంతో జాగ్రత్తగా దగ్గరవుతూ, చుట్టూ తిరిగి, నలుమూలల నుంచీ చక్కటి ఫొటోలు తీసి, చివరికి 15 మీటర్ల దూరం దాకా వెళ్ళి వెనక్కి వచ్చింది. ప్రపంచమంతా చప్పట్లు కొట్టింది. నిజంగానే అది గొప్ప ఇంజినీరింగ్, అందులో నాకు వేళాకోళం లేదు. మా వార్డుకు తనిఖీకి వచ్చే అధికారులు కూడా కుప్పకు సరిగ్గా అంత దూరంలోనే నిలబడి ఫొటో దిగి వెళతారు. ఆ మూడు టన్నుల ముక్క ఇప్పటికైతే కదల్లేదు. దాన్ని పట్టి కిందికి దించే పనిని రెండో యాత్రకు కేటాయించారు, ఫైలు నడుస్తోంది.