‘ఆ మాత్రలు ఆపేయండి’ అన్న సందేశానికి జవాబు

గత నెల మా బంధువుల వాట్సాప్ గ్రూపులోకి ఒక సందేశం వచ్చింది. ప్రొస్టేట్ క్యాన్సర్‌కు ఇచ్చే హార్మోన్ మాత్రలు మగవాణ్ణి ఆడదానిలా మార్చేస్తాయట. మగ హార్మోన్ తగ్గించే ఇంజెక్షన్ తీసుకునేవారికి అవి దండగట. వాటివల్ల ఆయుష్షు ఒక్క రోజు కూడా పెరగదట. పీఎస్ఏ (ఈ క్యాన్సర్ ఎలా ఉందో చెప్పే రక్తపరీక్ష అంకె) తగ్గగానే మానేసి మూలికల పొడి వాడుకోవాలట. నాలుగు రోజుల్లో అదే సందేశం మరో మూడు చోట్ల నుంచి వచ్చింది. మా నాన్నకు 72 ఏళ్లు, ఏడాదిన్నరగా అబిరాటెరోన్ అనే ఆ రకం మాత్ర వాడుతున్నారు. అది చదివి, ఎవరికీ చెప్పకుండా, మాత్రల డబ్బా బీరువాలో పెట్టేశారు. సంగతి బయటపడేసరికి తొమ్మిది రోజులు గడిచాయి. అందుకే ఒక్కో మాటకూ జవాబు రాస్తున్నాను.

ముందు ‘ఇంజెక్షన్ ఉంటే మాత్రలు దండగ’ అన్న మాట. ఈ క్యాన్సర్‌ను పెంచేది టెస్టోస్టిరాన్ అనే మగ హార్మోన్. అందులో చాలా భాగం వృషణాల్లో తయారవుతుంది. ఇంజెక్షన్ గానీ, వృషణాలు తీసేసే ఆపరేషన్ గానీ ఆ ఒక్క దారినే మూస్తాయి. మూత్రపిండాల మీద ఉండే అడ్రినల్ గ్రంథుల నుంచి మగ హార్మోన్లు ఇంకా కొంత వస్తూనే ఉంటాయి. ముదిరిన క్యాన్సర్ కణమైతే తనకు కావలసింది తానే తయారుచేసుకోగలదు. అబిరాటెరోన్ ఈ మూడు చోట్లా తయారీని ఆపుతుంది. ఎంజాలుటమైడ్, అపాలుటమైడ్, డారోలుటమైడ్ అనే మాత్రల పని వేరు. కణంలో హార్మోన్ అతుక్కునే చోటును అవి ముందుగానే ఆక్రమిస్తాయి. ఎక్కువగా వాడే ఇంజెక్షన్లలో ఇంకో చిక్కు ఉంది. మొదటి ఒకటి రెండు వారాలు అవి టెస్టోస్టిరాన్‌ను తగ్గించకపోగా పెంచుతాయి. ఆ గండం దాటించడానికే చాలామందికి మొదట్లో బైకాలుటమైడ్ మాత్ర ఇస్తారు. అంటే దండగ అంటున్న మాత్ర, ఇంజెక్షన్ చేయలేని పనిని చేస్తోంది.

‘ఆయుష్షు పెరగదు’ అన్నదానికి అంకెలే జవాబు చెబుతాయి. 2017లో అబిరాటెరోన్‌ను రోగుల మీద పరీక్షించిన రెండు పెద్ద అధ్యయనాల ఫలితాలు వచ్చాయి. స్టాంపీడ్ అనే పరీక్షలో 1,917 మంది పాల్గొన్నారు. మామూలు హార్మోన్ చికిత్స మాత్రమే తీసుకున్నవారిలో మూడేళ్ల తర్వాత 76 శాతం మంది బతికి ఉండగా, అబిరాటెరోన్ కూడా వాడినవారిలో 83 శాతం మంది ఉన్నారు. లాటిట్యూడ్ పరీక్షలో చేరినవారికి వ్యాధి అప్పటికే వేరే అవయవాలకు పాకింది. అందులో ఆ అంకెలు 49, 66. ప్రతి వంద మందిలో అదనంగా బతికి ఉన్న ఆ పదిహేడు మందిలో మా నాన్న ఒకరు కావాలని నా ఆశ.

ఇక ‘మగతనం పోతుంది’ అన్న మాట. నాన్న చేత మాత్రలు మాన్పించింది ఇదేనని నా నమ్మకం, అందుకే దీన్ని తేలిగ్గా తీసిపారేయను. కోరిక తగ్గడం నిజం. అంగస్తంభన కష్టమవడం నిజం. ఒంట్లోంచి వేడి ఆవిర్లు రావడం, కండ తగ్గి పొట్ట పెరగడం, ఎముకలు పలచబడటం కూడా నిజమే. అయితే వీటిలో చాలా భాగం టెస్టోస్టిరాన్ పడిపోవడం వల్ల వచ్చేవి, ఇంజెక్షన్ ఒక్కటే తీసుకున్నా వస్తాయి. బైకాలుటమైడ్ ఎక్కువ మోతాదులో వాడితే కొందరికి రొమ్ముల దగ్గర వాపు, నొప్పి వస్తాయి. కానీ ఈ మాత్రలు ఆడవాళ్ల హార్మోన్లు కావు. అలాంటి మందులు ఒకప్పుడు నిజంగానే ఇచ్చేవారు. 1941లో చార్లెస్ హగ్గిన్స్ అనే డాక్టరు వృషణాలు తొలగించి, లేదా ఈస్ట్రోజన్ అనే ఆడ హార్మోన్ ఇచ్చి ఈ క్యాన్సర్‌ను అదుపు చేయవచ్చని చూపించారు. ఆ కృషికి 1966లో ఆయనకు నోబెల్ వచ్చింది. సందేశం రాసినవారు ఆ పాత మందునూ ఈ మాత్రలనూ కలిపేశారు.

ఈ బాధల గురించి మన ఇళ్లలో తండ్రి బిడ్డలతో మాట్లాడడు, చాలాసార్లు భార్యతోనూ అనడు. డాక్టరు గదిలో పక్కన కోడలు ఉంటే అసలే నోరు విప్పడు. అక్కడ దొరకని జవాబు ఫోనులో దొరికినట్టు అనిపిస్తుంది. దయచేసి ఆయన్ను కాసేపు డాక్టరుతో ఒంటరిగా వదలండి. ఆవిర్లకు మందులున్నాయి, ఎముకలకు కాల్షియం, వ్యాయామం ఉన్నాయి, అవసరమైతే మాత్రే మార్చవచ్చు.

అన్నిటికన్నా ప్రమాదకరమైనది ‘పీఎస్ఏ తగ్గగానే ఆపేయండి’ అన్న సలహా. పీఎస్ఏ తగ్గిందంటే మాత్ర పనిచేస్తోందని అర్థం, వ్యాధి పోయిందని కాదు. ఎంపిక చేసిన కొందరికి డాక్టర్లే హార్మోన్ చికిత్సకు విరామం ఇస్తారు. అప్పుడు కూడా రక్తపరీక్షలు ఆగవు. పైగా అబిరాటెరోన్‌తో పాటు ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మాత్ర ఉంటుంది. నెలల తరబడి వాడి దాన్ని ఒక్కసారిగా మానేస్తే బీపీ పడిపోవచ్చు, వాంతులు, విపరీతమైన నీరసం రావచ్చు. నాన్న ఆ తొమ్మిది రోజులూ దాన్ని మాత్రం మానలేదు. అది షుగరు మాత్ర అనుకుని వేసుకున్నారట.

మిగిలింది మూలికల పొడి. అమెరికాలో పీసీ-స్పెస్ అని ఒక మూలికల మందు అమ్మేవారు. అది వాడినవారిలో పీఎస్ఏ నిజంగానే తగ్గేది. పరీక్షించి చూస్తే, ప్రొస్టేట్ క్యాన్సర్‌కు పూర్వం వాడిన డైఇథైల్‌స్టిల్బెస్ట్రాల్ అనే కృత్రిమ ఈస్ట్రోజన్, రక్తాన్ని పలచబరిచే వార్ఫరిన్ బయటపడ్డాయి. 2002లో దాన్ని మార్కెట్ నుంచి వెనక్కి తీసుకున్నారు. ఆడ హార్మోన్ వద్దనుకుని దాన్ని కొన్నవారు తెలియకుండా ఆడ హార్మోనే మింగారు, ఎంత మోతాదో కూడా తెలియకుండా.

నాన్న తెప్పించిన డబ్బా మీద ‘నూరు శాతం సహజం’ అని తప్ప లోపల ఏముందో ఒక్క ముక్క లేదు. దాన్ని మూత తీయకుండానే డాక్టరు దగ్గరికి తీసుకువెళ్లి బల్ల మీద పెట్టాం. తొమ్మిది రోజుల సంగతి నాన్నే చెప్పారు. నేను బయట కూర్చున్నాను.