జవాబుకు బ్రాకెట్ పెట్టేదెవరు?

కడప జిల్లాలో ఏ ఊరి హైస్కూలుకైనా వెళ్లి ఏడో తరగతి సాంఘిక శాస్త్రం పుస్తకం ఒకటి తెరిచి చూడండి. పెన్సిల్‌తో పెట్టిన బ్రాకెట్లు కనిపిస్తాయి. పక్కన మార్జిన్‌లో ‘3వ ప్రశ్న’ అని రాసి ఉంటుంది. ఇక్కడి నుంచి ఇక్కడి దాకా అని సారు చెప్పారు, పిల్లలు పెట్టుకున్నారు. సాయంత్రానికి ఆ ముక్క నోటుబుక్కులోకి ఎక్కుతుంది, పరీక్ష నాడు పేపర్లోకి దిగుతుంది. మార్కులూ వస్తాయి. ఇంత తతంగంలో జవాబు వెతికింది మాత్రం సారొక్కరే.

అదే పిల్లవాడు ఇంటికి పోతాడు. అవ్వ బీపీ మాత్రల పట్టీ చేతికిచ్చి ‘ఇది ఎప్పటిదాకా పనికొస్తాదో చూడు నాయనా’ అంటుంది. వాడు మందు పేరు దగ్గర మొదలుపెట్టి, కంపెనీ అడ్రసు దాకా కూడబలుక్కుని, మొదట కంటబడిన తేదీ చదివేస్తాడు. అది మందు తయారైన తేదీ! నాలుగో తరగతితో బడి మానేసిన ఆ అవ్వే గోడ మీది క్యాలెండర్‌లో వర్జ్యం ఎప్పుడో చిటికెలో చెప్పేస్తుంది. ఆమెకు కావలసిందేమిటో తెలుసు, ఆ గడిలో అది ఏ మూల ఉంటుందో తెలుసు. మిగతా అక్షరాల జోలికి పోదు.

ఇలా వెతుకుతూ చదవడాన్నే స్కానింగ్ అంటారు. మనకు ఆ మాట వింటే ఆస్పత్రి గుర్తొస్తుంది గానీ, టెట్‌కూ డీఎస్సీకీ చదివినవాళ్లకు అదొక బిట్టు. సారాంశం కోసం పైపైన చూస్తే స్కిమ్మింగ్, ఒక వివరం కోసం గాలిస్తే స్కానింగ్. ఆ బిట్టు కరెక్టుగా పెట్టి ఉద్యోగం తెచ్చుకున్న టీచర్లే బ్రాకెట్లు పెట్టిస్తున్నారంటే తప్పంతా వాళ్లదే అనలేం. సిలబస్ ముగించాలి, రిజల్ట్ చూపించాలి. నలభై మంది చేత వెతికిస్తే పీరియడంతా పోతుంది, తామే చూపిస్తే పది నిమిషాల్లో అయిపోతుంది.

నేర్పడానికి పెద్ద విద్యేమీ కాదు. ముందు ప్రశ్న చదవాలి. జవాబు అంకెగా ఉంటుందా, మనిషి పేరా, ఊరి పేరా, కారణమా అని ఒక్క క్షణం ఆలోచించుకోవాలి. ఆ తర్వాత పెదవి కదపకుండా పేజీ మీద కన్ను నడపాలి. ఆనవాలు తగిలిన చోట ఆగి ఆ వాక్యాన్నీ, దాని ముందువెనుకలనూ నిదానంగా చదవాలి. వారానికి ఒక్క పీరియడ్ చాలు.

అయితే ఇంగ్లిష్ మెథడ్ పుస్తకాల్లోని చిట్కాలను ఉన్నవున్నట్టు తెలుగు క్లాసుకు తెస్తే పని జరగదు. పేర్లు కావాలంటే పెద్దక్షరాలు చూసుకోమంటాయి అవి. తెలుగులో పెద్దక్షరం, చిన్నక్షరం అనే తేడా ఎక్కడిది? తుంగభద్ర అయినా తుమ్మచెట్టు అయినా కంటికి ఒకటే తీరు. పైగా మన మాట వాక్యంలోకి వచ్చేసరికి రూపం మార్చుకుంటుంది. ‘ఏరు’ కోసం వెతికే పిల్ల ‘ఏటి ఒడ్డున’ అన్న చోట ఆగదు. ‘నీరు’ అని అడిగితే పాఠంలో ‘నీటిని’ అనో ‘నీళ్లు’ అనో ఉంటుంది. మాట మొదలు పట్టుకోవడం, దాని మారు రూపాలు ఊహించడం తెలుగు టీచరు విడిగా నేర్పాల్సిన సంగతులు. వ్యాకరణం ఎందుకని అడిగే పిల్లలకు ఇంతకన్నా మంచి జవాబు లేదు.

సి.పి. బ్రౌన్ 1820లో వచ్చి కొలువు చేసిన ఊరు కడప. ఆయన తెలుగు-ఇంగ్లిష్ నిఘంటువు 1852లో అచ్చయింది. ఆయన బంగళా ఉన్న చోటే ఇప్పుడు గ్రంథాలయం ఉంది. నిఘంటువును మొదటి పేజీ నుంచి ఎవరూ చదవరు, అది వెతుక్కోవడానికే పుట్టిన పుస్తకం. మన పిల్లలు అక్షరమాల గుక్క తిప్పుకోకుండా అప్పజెబుతారు. నిఘంటువులో ‘శనగ’ తీయమంటే మాత్రం ‘శ’ ముందా ‘స’ ముందా అని తేల్చుకోవడానికి మళ్లీ ‘క ఖ’ నుంచి ఎత్తుకుంటారు. బడి బీరువాలో నిఘంటువు ఉంటే తాళం తీసి పిల్లల చేతికివ్వండి. చిరిగితే చిరగనీయండి.

నిపుణ్ భారత్ పేరుతో కేంద్రం 2021లో మొదలుపెట్టిన కార్యక్రమం మూడో తరగతి చివరికి నిమిషానికి కనీసం 60 పదాలు అర్థంతో చదవాలని లక్ష్యం పెట్టింది. మంచిదే. గుణింతం దగ్గరే తడబడే పిల్లకు వెతకడం ఎలాగూ రాదు. కానీ వేగం వచ్చినంత మాత్రాన వెతుకులాట దానంతటదే రాదు. పలు దేశాల్లో పదిహేనేళ్ల పిల్లలకు పెట్టే పీసా అనే అంతర్జాతీయ పరీక్ష చదివే శక్తిని కొలిచేటప్పుడు సమాచారాన్ని పట్టుకోగలరా లేదా అన్నదీ చూస్తుంది. 2009 దఫాలో మన దేశం నుంచి పాల్గొన్న తమిళనాడు, హిమాచల్ ప్రదేశ్ పట్టికలో దాదాపు అడుగున నిలిచాయి. మరుసటి దఫాకు దేశం దూరంగా ఉండిపోయింది.

ఇందులో ప్రమాదం లేకపోలేదు. బస్టాండు బోర్డు మీద రాయచోటి బస్సు 6.15 అని కన్ను చటుక్కున పట్టేస్తుంది, పక్కనున్న ‘ఆదివారం మినహా’ జారిపోతుంది. చీనీ తోటకు మందు కొట్టేటప్పుడు డబ్బా మీద లీటరుకు ఎన్ని మిల్లీలీటర్లో చూసి, ఆ లెక్క ఏ పురుగుకో చూడకపోతే డబ్బూ పోతుంది, పంటా పోతుంది. మినహా, తప్ప, లోపు, మించకుండా లాంటి చిన్న మాటల దగ్గర కన్ను నిలబడేలా అలవాటు చేయాలి. వేమన పద్యాన్ని కూడా ఇలా గాలించమని మేం అనడం లేదు, దాన్ని పదిసార్లు చదువుకోవాల్సిందే.

జిల్లా విద్యాశాఖను మేం కోరేది చిన్న విషయం. వచ్చే యూనిట్ పరీక్షల నుంచి ఏడు, ఎనిమిది తరగతుల తెలుగు పేపర్లో అయిదు మార్కులకు ఒక కరెంటు బిల్లునో, పంట బీమా నోటీసునో, ఆర్టీసీ బస్సుల పట్టికనో అచ్చువేసి దాని మీద ప్రశ్నలు అడగండి. ఈసారి ఈ బిల్లు, మరోసారి ఇంకొకటి. పుస్తకంలో లేని ముక్క కాబట్టి ముందుగా బ్రాకెట్లు పెట్టించడానికి ఎవరికీ వీలుండదు.