క్లిఫర్డ్ బురుజు ముందు మన బ్యానరు

ఉగాది విహారయాత్రకు ఇంగ్లండులోని యార్క్ వెళ్లినప్పుడు మన సంఘం బ్యానరును అక్కడి పాత కోట క్లిఫర్డ్ బురుజు దిబ్బ కింద, అక్కడ చనిపోయిన యూదుల స్మారక ఫలకానికి అడ్డంగా పట్టుకుని ఫొటో దిగాం. డాఫడిల్ పూలు విరగబూసి ఉన్నాయి, ఫొటో బాగా వస్తుందన్నారు. స్పీకరులో పాటలు, పిల్లల కేకలు. ఒక పెద్దావిడ చేతిలో గులకరాయితో వచ్చి, మనం పక్కకు జరుగుతామేమోనని కాసేపు చూసి, రాయిని ఒక మూలగా పెట్టి వెళ్లిపోయారు. పోయినవారిని తలచుకుంటూ రాయి ఉంచడం యూదుల ఆచారం. బ్యానరు తీసేద్దామని నేనంటే, "పండుగ పూట చావుల మాటలెందుకమ్మా" అన్నారు కమిటీ పెద్దలొకరు. ఆ మాట నాకు ఇప్పటికీ మింగుడుపడడం లేదు.

1068లో విలియం రాజు ఇక్కడ కోట కట్టించాడు. 1190 మార్చి 16న, మూకల బారి నుంచి ఈ దిబ్బమీది కొయ్యబురుజులో తలదాచుకున్న సుమారు 150 మంది యూదులు ప్రాణాలు కోల్పోయారు. వాళ్లకు బాకీపడ్డ పెద్దమనుషులే ఆ మూకను ఎగదోశారు. శత్రువు చేతికి చిక్కడం కంటే చావే మేలని లోపల చాలామంది భార్యాబిడ్డలను చంపి తామూ చనిపోయారు. మతం మారితే ప్రాణాలు కాపాడతారని నమ్మి బయటకు వచ్చినవాళ్లను నరికేశారు. ఆపైన మూక పెద్ద చర్చికి వెళ్లి అప్పుపత్రాలు తగలబెట్టింది. ఇప్పుడున్న రాతి బురుజు మూడో హెన్రీ 1245లో మొదలుపెట్టించినది. 1684 నాటి పేలుడుకు దాని పైకప్పు ఎగిరిపోయింది. ఆ మంటలకు ఎర్రబారిన రాళ్లు గోడల్లో ఇంకా కనిపిస్తాయి. ఇక మనం ముచ్చటపడిన ఆ ఆరు రేకుల పూలు ఏటా ఇంచుమించు ఆ మారణకాండ జరిగిన రోజుల్లోనే పూస్తాయి.

నిర్వాహకుల శ్రమ నాకు తెలుసు. తెల్లవారుజామున లేచి అంతమందికి పులిహోర కలిపి తెచ్చినవాళ్లను తప్పుపట్టడానికి మనసు రాదు. గోల్కొండలో చప్పట్లు కొట్టి కేరింతలాడే మనమే రామదాసు బందీఖానాకు రాగానే గొంతు తగ్గిస్తాం. ఆ కథ చిన్నప్పుడే మన చెవిన పడింది కాబట్టి ఎవరూ చెప్పనక్కర్లేదు. యార్క్ కథను ఇక్కడే పుట్టి పెరుగుతున్న మన పిల్లలకు ఎవరు చెప్పారు?

కార్యవర్గానికి నా మనవి ఒక్కటే. ఈసారి యార్క్ వెళ్తే బస్సులోనే పది నిమిషాలు ఈ సంగతి చెప్పించండి. పిల్లలకు అర్థమయ్యేలా చెప్పే బాధ్యత నేను తీసుకుంటాను. ఫొటో ఊజ్ నది ఒడ్డున దిగుదాం. దయచేసి బురుజు దగ్గరకు మాత్రం స్పీకరు, బ్యానరు తేవద్దు.