కాలిన కారు తుక్కులోకి వెళ్తే కారణం కూడా వెళ్లిపోతుంది

కిందటేడాది ఎండాకాలంలో మా బావగారి కారు చౌటుప్పల్ దాటాక రోడ్డు పక్కన కాలిపోయింది. దేన్నీ గుద్దలేదు, బోల్తా పడలేదు. ముందు ఏసీలోంచి ప్లాస్టిక్ మాడిన వాసన వచ్చింది. తర్వాత బానెట్ అంచుల్లోంచి సన్నగా పొగ. పిల్లల్ని దింపి నాలుగు అడుగులు వేశారో లేదో మంట లేచింది. నాలుగేళ్ల కారు, సర్వీసులన్నీ షోరూములోనే చేయించారు. మర్నాడు జిల్లా పేజీలో మూడు లైన్ల వార్త వచ్చింది: 'షార్ట్ సర్క్యూట్‌తో కారు దగ్ధం'. ఆ మాట ఎవరు తేల్చారో ఇప్పటికీ మాకు తెలియదు. ఫైరింజన్ వచ్చేసరికి అక్కడ మిగిలింది ఇనప చట్రం, కరిగి గడ్డకట్టిన అల్యూమినియం ముద్దలు.

ఇన్సూరెన్స్ సర్వేయర్ వచ్చి మొదట వెతికింది బయట బిగించిన లైట్లు, హారన్ రిలే లాంటివి ఉన్నాయా అని. అవేవీ లేవు. టోటల్ లాస్ అని రాశారు, ఐడీవీ (పాలసీలో కారుకు రాసిన విలువ) మేరకు డబ్బు వచ్చింది. మూడు వారాలు తిరక్కుండానే ఆ చట్రం తుక్కు వ్యాపారి లారీ ఎక్కింది. ఆ తర్వాత కారు కంపెనీ నుంచి మెయిల్: 'వాహనం పరిశీలనకు అందుబాటులో లేనందున కారణం నిర్ధారించలేము'. అది అబద్ధం కాదు. చూడాల్సిన వస్తువే లేనప్పుడు ఎవరు మాత్రం ఏం చెప్పగలరు?

ఇంజిన్ మంటల గురించి మాట్లాడినప్పుడల్లా 'కారణం తెలియదు' అన్న మాట వింటాం. నా ఉద్దేశంలో వీటిలో చాలా వాటికి కారణం దొరక్కపోవడం కాదు, వెతికేవాళ్లు లేకపోవడమే అసలు సంగతి. ఒక్క కారును విడిగా చూస్తే ఎలుక వైరు కొరికిందనీ అనిపిస్తుంది, ఓనరు అజాగ్రత్త అనీ అనిపిస్తుంది. అదే మోడల్ కార్లు ఇరవై పక్కపక్కన పెట్టి, మంట ఎక్కడ మొదలైందో చూస్తే కథ వేరుగా ఉంటుంది.

దక్షిణ కొరియాలో 2018లో జరిగింది ఇదే. ఆ ఏడాది బీఎండబ్ల్యూ డీజిల్ కార్లు, ముఖ్యంగా 520డీ మోడల్, ఒకదాని తర్వాత ఒకటి రోడ్డు మీద కాలాయి. కొన్ని పార్కింగ్ భవనాలు ఆ కార్లను లోపలికి రానివ్వలేదు. జులైలో కంపెనీ లక్షా 6 వేలకు పైగా కార్లను రీకాల్ చేసింది, అంటే లోపం సరిచేయడానికి వెనక్కి పిలిచింది. ఆగస్టులో ప్రభుత్వం, తనిఖీ చేయించుకోని దాదాపు 20 వేల కార్లను రోడ్డెక్కకుండా ఆపే ఉత్తర్వులిచ్చింది. అప్పటికి ఆ ఏడాది కాలినవి 40 దరిదాపుల్లోనే. దోషం ఈజీఆర్ కూలర్‌లో దొరికింది. ఇంజిన్ వదిలిన వేడి వాయువులో కొంత మళ్లీ ఇంజిన్‌లోకే పంపేముందు చల్లబరిచే భాగం అది. అది కారితే కూలెంట్ మసితో కలిసి ఇంటేక్ గొట్టంలో జిగురులా పేరుకుంటుంది. దానికి వేడి వాయువు తగిలితే నిప్పంటుకుంటుంది, ప్లాస్టిక్ గొట్టం కరుగుతుంది. డిసెంబరులో కొరియా రవాణా శాఖ, కంపెనీ ఈ లోపాన్ని దాచిపెట్టిందని, రీకాల్‌లో ఆలస్యం చేసిందని ప్రకటించి 1,120 కోట్ల వాన్ల జరిమానా వేసింది.

ఇక అమెరికా. హ్యుందాయ్, కియా కార్లలోని తీటా 2 ఇంజిన్ గొడవ ఏళ్ల తరబడి సాగింది. ఇంజిన్‌లో తిరిగే ప్రధాన ఇరుసు క్రాంక్‌షాఫ్ట్ తయారీలో లోహపు రజను మిగిలిపోయి, బేరింగులకు ఆయిల్ అందక ఇంజిన్ పట్టేస్తోందని 2015లో సుమారు 4.7 లక్షల సొనాటా కార్లను వెనక్కి పిలిచారు. 2017లో మరో 12 లక్షల కార్లు. బేరింగ్ పోయిన ఇంజిన్‌లో, పిస్టన్‌ను ఆ ఇరుసుకు కలిపే కనెక్టింగ్ రాడ్ ఇంజిన్ బ్లాకును చీల్చుకుని బయటికొస్తే, కాలుతున్న ఎగ్జాస్ట్ మీద ఆయిల్ చిమ్ముతుంది. మంట పుట్టడానికి అంతకంటే ఏం కావాలి? కంపెనీ విషయాన్ని తగ్గించి చూపుతోందని 2016లో బయటపెట్టింది హ్యుందాయ్‌లోనే ఇరవై ఏళ్లకు పైగా పనిచేసిన ఇంజినీరు కిమ్ గ్వాంగ్ హో. ఆయన ఉద్యోగం పోయింది. 2020లో రెండు కంపెనీలూ అమెరికా రహదారి భద్రతా సంస్థతో 21 కోట్ల డాలర్ల ఒప్పందానికి వచ్చాయి. 2021లో కిమ్‌కు 2.4 కోట్ల డాలర్లకు పైగా బహుమానం అందింది. లోపలి మనిషి నోరు విప్పితే చట్టం అండగా నిలబడిందంటే నాకు నిజంగా సంతోషం వేసింది.

అక్కడితో అయిపోలేదు. 2023 సెప్టెంబరులో అవే రెండు కంపెనీలు దాదాపు 34 లక్షల కార్లకు కొత్త హెచ్చరిక ఇచ్చాయి. బ్రేకుల ఏబీఎస్ యూనిట్ లోపల ద్రవం కారి షార్ట్ కావచ్చు, కాబట్టి కారును ఇంటికి దూరంగా ఆరుబయటే నిలపండని. ఆపి ఉంచిన కారు కూడా అంటుకోవచ్చన్నమాట. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఇంటిని ఆనుకునే గ్యారేజీ, పైన పిల్లల గది ఉన్న మనవాళ్లకు అది ఎంత టెన్షనో ఊహించుకోవచ్చు. అయినా వాళ్లకు ఆ కబురు ముందుగా అందింది. కారు నంబరు కొట్టి చూసుకునే వీలుంది.

మన దగ్గర రీకాల్‌కు చట్టం లేదని కాదు. 2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలో 110ఏ సెక్షన్ చేరింది, 2021 ఏప్రిల్ 1 నుంచి నిబంధనలు అమల్లోకి వచ్చాయి. కానీ ఏడేళ్లు దాటని వాహనాలకే ఇది వర్తిస్తుంది. ఏడాదికి 10 వేలకు మించి అమ్ముడయ్యే కారు మోడల్‌ను తప్పనిసరి రీకాల్ చేయించాలంటే 1,250 ఫిర్యాదులు రావాలి. పవర్ విండో మొరాయిస్తే ఆ లెక్క సరిపోతుందేమో. బానెట్ కింద మంటకు కూడా 1,250 మంది కావాలా? కొరియా కదిలింది నలభై కార్లకు! జరిమానా కూడా 10 లక్షల నుంచి కోటి రూపాయల వరకే.

కంపెనీలు తమంతట తాము రీకాల్ చేస్తున్న మాట నిజం. 2010లో ఇంధనం కారే అవకాశం ఉందని మారుతి లక్ష ఏ-స్టార్ కార్లను పిలిచింది. అదే ఏడాది నానో కార్లు కొన్ని కాలినప్పుడు టాటా మోటార్స్ ఎగ్జాస్ట్‌కు, కరెంటు వైరింగ్‌కు ఉచితంగా అదనపు రక్షణ బిగిస్తామంది గానీ దాన్ని రీకాల్ అనలేదు. 2022 ఏప్రిల్‌లో విజయవాడ, నిజామాబాద్ ఇళ్లలో స్కూటర్ బ్యాటరీలు పేలి ప్రాణాలు పోయాక కేంద్రం నిపుణుల కమిటీ వేసింది, బ్యాటరీ ప్రమాణాలు గట్టి చేసింది. గోల జరిగింది కాబట్టి పని జరిగింది. పెట్రోలు, డీజిల్ కారు కాలితే ఆ గోల ఉండదు. మూడు లైన్ల వార్తతో సరి.

ప్రతి మంటా కంపెనీ తప్పే అని నేననను. ఎలుకలు వైర్లు కొరుకుతాయి. రోడ్డు పక్క షాపులో ఫ్యూజు లేకుండా లైట్లు తగిలించుకుంటాం. ఇంజిన్ పైన ఉండే ట్యాపెట్ కవర్ ప్యాకింగ్‌లోంచి ఆయిల్ కారుతోందని మెకానిక్ చెప్తే వచ్చే నెల చూద్దాంలే అంటాం. అసలు తప్పు ఎవరిదో విడదీయాలన్నా ఆ కాలిన చట్రమే కావాలి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం లోపభూయిష్ట వస్తువు వల్ల కలిగిన హానికి తయారీదారును బాధ్యుణ్ణి చేసింది. కానీ లోపం ఉందని చూపడానికి వినియోగదారుల కమిషన్ ముందు ఏం పెట్టాలి, తాళం చెవులా?

లెక్క ఉన్నది ఒక్కచోటే, బీమా కంపెనీల దగ్గర. ఏ మోడల్ ఎన్ని కాలాయో, ఎంత వయసులో కాలాయో ప్రతి క్లెయిమ్ ఫైల్లో ఉంటుంది. వాటిని నియంత్రించే ఐఆర్‌డీఏఐ ఉన్నది మన హైదరాబాద్‌లోనే. ప్రమాదం లేకుండా కాలిన ప్రతి కారు వివరాలూ మోడల్ వారీగా మూడు నెలలకోసారి రవాణా శాఖకు పంపమని, ఇంజిన్ భాగాన్ని కనీసం 90 రోజులు తుక్కుకు అమ్మవద్దని అది చెప్తే చాలా మారుతుంది. ఒకే మోడల్‌లో పది మంటలు కనిపిస్తే పుణేలోని ఏఆర్ఏఐ లాంటి పరీక్షా సంస్థ ఆ పది చట్రాలనూ చూడాలి. అప్పటిదాకా కారు కాలినవాళ్లు సర్వేయర్ వచ్చేలోపే నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీసి, చట్రాన్ని అమ్మవద్దని బీమా కంపెనీకి రాతపూర్వకంగా చెప్పాలి. పరివాహన్ పోర్టల్‌లో ఫిర్యాదు చేయాలి. మా బావగారికి ఇవేవీ తెలియవు. నాకూ అప్పుడు తెలియదు.

ఆయన దగ్గర ఇప్పుడు మిగిలింది ఫోన్‌లో ఒక వీడియో. మొదటి మంట బానెట్ కింద ఎడమ పక్క నుంచి వస్తుంది. బ్యాటరీ ఉండేది కుడి పక్క. అదే మోడల్ కారు ఎక్కడ కనిపించినా ఆయన ఆగి ఆ ఎడమ పక్కే చూస్తారు, ఓనరుతో మాట కలిపి వీడియో చూపిస్తారు.